నవ్వు క్లాసు

"పెదాలొక్కటే కాదండీ, కళ్ళు కూడా నవ్వాలి. ఏదీ, మళ్ళీ చెప్పండి. మీ పేరు?"

"స్వప్న."

"ఇంకాస్త గట్టిగా."

"గింతకన్న గట్టిగ చెప్తే కింద దోశెలు పోసేటాయన ఉలిక్కిపడ్తడు సార్."

క్లాసంతా గొల్లుమంది. రవికిరణ్ కూడా నవ్వాడు. నవ్వక చస్తాడా, నవ్వడమే అతని ఉద్యోగం.

మాదాపూర్‌లో ఆ గుండ్రటి సైబర్ టవర్స్ లేచి ఏడాది తిరగలేదు, చుట్టుపక్కల సందుల్లో బోర్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. కంప్యూటర్ కోర్సులు, లేడీస్ హాస్టళ్ళు, స్పోకెన్ ఇంగ్లీషులు. వాటి మధ్య ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద బుల్లిబాబు గారి వ్యక్తిత్వ వికాస కేంద్రం. ఆయనది భీమవరం. అంతకుముందు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవాడు, ఇప్పుడు ఆత్మవిశ్వాసం అమ్ముతున్నాడు. ఆ ఆత్మవిశ్వాసాన్ని రోజూ బోర్డు ముందు నిలబడి పంచిపెట్టే పని రవికిరణ్‌ది.

ఈ బ్యాచ్ మాత్రం కొత్త రకం. కొండాపూర్ వైపున్న ఒక ఆసుపత్రి నర్సింగ్ స్కూల్ నుంచి వచ్చిన అమ్మాయిలు. అందరూ థర్డ్ ఇయర్ ప్రాక్టికల్స్ తప్పినవాళ్ళే. "పుస్తకం అప్పజెప్పమంటే గడగడా చెబుతారయ్యా. పేషెంటు ముందుకెళ్తే నోరు పెగలదు. పర్సనాలిటీ లేకపోతే మార్కులెలా వస్తాయి?" అని ప్రిన్సిపాల్ భ్రమరాంబ గారు వాళ్ళను స్వయంగా తీసుకొచ్చి దిగబెట్టింది. పాపం, ఆవిడ మంచికే చేసింది.

నర్సింగ్ ప్రాక్టికల్ అంటే చేతిపని ఒక్కటే కాదు. పరీక్ష పెట్టే మేడమ్ పక్కనే నిలబడి చూస్తూ ఉంటుంది. మంచం దగ్గరికెళ్ళి పేరు చెప్పి, చేయబోయేదేమిటో పేషెంటుకు వివరించి, ధైర్యం చెప్పి, అప్పుడు చెయ్యి వెయ్యాలి. ఆ పలకరింపుకు కూడా మార్కులుంటాయి. స్వప్న కట్టు కట్టిందంటే సీనియర్ సిస్టర్లు కూడా ఆగి చూస్తారు. కానీ పోయినసారి పరీక్షలో కాలిన గాయాల పేషెంటు ఎదుట నిలబడి ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడకపోగా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫెయిల్.

"నాకు నవ్వు రాదు సార్," అంది స్వప్న ఆ మొదటి రోజే, క్లాసయ్యాక. "పేషెంట్ మొఖం ఎట్లుంటె నా మొఖం గట్లనే అయితది. సిన్నప్పటి సంది గంతే."

"అదేనండీ మీ వీక్‌నెస్. దాన్నే మనం పోగొట్టాలి."

ఆమె అతన్నొకసారి పరీక్షగా చూసింది. "పోతదా?"

"పూచీ నాది."

అన్నాడు మహానుభావుడు.

*

రెండో వారంలో వాన పట్టుకుంది. క్లాసు వదిలాక అమ్మాయిలంతా సెవెన్ సీటర్ ఆటో ఎక్కేశారు. స్వప్నకు చోటు చాలలేదు. టిఫిన్ సెంటర్ రేకుల కింద నిలబడి, తడిసిన జడను ముందుకేసుకుని పిండుకుంటోంది. రవికిరణ్ మెట్లు దిగి వచ్చాడు. ఆమెను చూడలేదు. చూడలేదు కాబట్టే అతని అసలు మొహం ఆమెకు కనపడింది.

"మెట్లు దిగంగనే మీ నవ్వు ఆగిపోయింది సార్."

ఉలిక్కిపడి మళ్ళీ తగిలించుకున్నాడు నవ్వు.

"రోజు గంతే. నేను చూస్తనే ఉన్న. ఆఖరు మెట్టు కాడ పోతది," అంటూ అతని మణికట్టు పట్టుకుని తన వాచీ వంక చూసింది. నర్సమ్మ అలవాటు. కాసేపటికి, "జోరుగ కొట్టుకుంటున్నది. పరేషాన్ల ఉన్నరా?" అంది.

"మీరు చెయ్యి పట్టుకుంటే నెమ్మదిగా ఎలా కొట్టుకుంటుందండీ?"

చెయ్యి టక్కున వదిలేసింది. ఎర్రబడిన మొహాన్ని వాన వైపు తిప్పేసుకుంది. కానీ వెళ్ళిపోలేదు. రెండు టీలు చెప్పాడు. టీ అయ్యేలోపు, ఎవరితోనూ చెప్పని సంగతి ఆమెతో చెప్పేశాడు.

అమలాపురంలో వాళ్ళ నాన్న రామబ్రహ్మం గారు టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. కొడుకు సైబర్ టవర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నాడు. రవికిరణ్ కాదని చెప్పలేదు. ఎప్పటికప్పుడు వచ్చే నెలకు నిజం అవుతుందిలే అనుకున్నాడు. ఇంటర్వ్యూలకు వెళ్తూనే ఉన్నాడు, వాళ్ళు వెనక్కి పంపుతూనే ఉన్నారు.

"అంటే మీకే లేదన్నట్టు, ఆ కాన్ఫిడెన్సు," అంది స్వప్న.

"లేదండీ."

"మరి మాకెట్ల ఇస్తరు?"

"అరువు తెచ్చి ఇస్తాను," అన్నాడు. మొదటిసారి ఇద్దరూ నిజంగా నవ్వారు.

తన సంగతీ చెప్పింది. వాళ్ళది జనగామ దిక్కు. నాన్న రాజయ్య, సైబర్ టవర్స్ అవతల కొత్తగా లేచిన ఓ ఆఫీసు బిల్డింగ్ గేటు దగ్గర సెక్యూరిటీ. అమ్మ మల్లమ్మ అదే బిల్డింగులో నేల తుడుస్తుంది. నానక్‌రామ్‌గూడలో ఒక అర్రలో కిరాయికుంటున్నారు. ఈసారీ తప్పితే స్కూల్లో సీటుండదు. అమ్మ ఇప్పటికే సూపర్‌వైజర్‌తో మాట్లాడి పెట్టింది.

"తప్పితే నాకు గా నీలం చీర ఇస్తరు సార్. అమ్మతోని కలిసి ఊడ్సుడే. ఊడ్సుడు తప్పుడు పని గాదు. కని నేను నర్సును గావాలె. నాకు గదొక్కటే మంచిగొస్తది."

ఆ మాట అతని మనసులో దిగబడిపోయింది. ఈ అమ్మాయిని పాస్ చేయించి తీరాలనుకున్నాడు. తన జన్మలో ఒక్క పనైనా నెగ్గాలి గదా అనుకున్నాడు.

ఆ రోజు నుంచి క్లాసయ్యాక అరగంట స్పెషల్ ప్రాక్టీసు. రవికిరణ్ బెంచీ మీద పేషెంటులా పడుకునేవాడు. స్వప్న నవ్వుతూ వచ్చి, "నమస్తే అండీ, నా పేరు సిస్టర్ స్వప్న. ఈ రోజు ఎలా ఉన్నారు?" అని కోస్తా భాషలో పలకాలి. అదీ రూలు.

"మీరు మంచి పేషెంట్ గాదు సార్. ఊకె నన్నే చూస్తున్నరు."

"ఐ కాంటాక్ట్ అండీ. సిలబస్‌లో ఉంది."

"సిలబస్‌ల రెప్పలు కొట్టొద్దని ఉన్నదా?"

నవ్వు మెల్లగా పట్టుబడింది. మొదట పెదవులకొచ్చింది, తర్వాత బుగ్గలకు, చివరికి కళ్ళకూ వచ్చింది. ఇంత అందమైన నవ్వును తానే తయారుచేశానని రవికిరణ్ మురిసిపోయాడు. అది బెంచీ మీద పడుకున్న పేషెంటు గాడి మీద ఇష్టంతో వచ్చిన నవ్వని ఆ మొద్దు బుర్రకు తట్టలేదు.

*

పరీక్ష రోజు స్వప్నకిచ్చిన పేషెంటు పేరు లక్ష్మమ్మ. నల్గొండ నుంచి వచ్చిన కూలీ. రెండు రోజుల కిందట ఓ కొత్త బిల్డింగ్ దగ్గర పరంజా కూలి మొగుడూ పెళ్ళాలిద్దరూ కింద పడ్డారు. ఆమెకు కాలు విరిగింది. అతన్ని పక్క వార్డులో పెట్టారు.

స్వప్న ట్రే పట్టుకుని వెళ్తుంటే ఆయా ఓబులమ్మ చెవిలో చెప్పింది. "పొద్దున్నే దాని మొగుడు పోయినాడమ్మా. ఇంత ముందరే చెప్పినారు దానికి."

లక్ష్మమ్మ ఏడవడం లేదు. ఒక మగ తువ్వాలును గుప్పిట్లో బిగించి పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తోంది. స్వప్న మంచం దగ్గరికెళ్ళి ఆగిపోయింది. మొహం ఎప్పటిలాగే ఆ పేషెంటు మొహంలా మారిపోవడం మొదలైంది.

పరీక్ష పెట్టే మేడమ్ బయటి ఊరి నుంచి వచ్చింది. ఆవిడకేమీ తెలియదు. "ఏం సిస్టర్, పలకరింపు లేదా? స్మైల్ ఎక్కడ?" అంది పెన్ను చేత్తో పట్టుకుని.

వెనకాల భ్రమరాంబ గారు కళ్ళతోనే బతిమాలుతోంది. స్వప్నకు నీలం చీర గుర్తొచ్చింది. అమ్మ చేతులు గుర్తొచ్చాయి. బెంచీ మీద పడుకుని "కళ్ళు కూడా నవ్వాలండీ" అనే రవికిరణ్ గుర్తొచ్చాడు.

నవ్వింది.

"నమస్తే అండీ. నా పేరు సిస్టర్ స్వప్న. ఈ రోజు ఎలా ఉన్నారు?"

లక్ష్మమ్మ ఫ్యాను మీద నుంచి చూపు దించింది. ఆ నవ్వు మొహాన్ని చూసి, మెల్లగా, కోపం లేకుండా అంది. "నవ్వకు బిడ్డా."

స్వప్న నవ్వు ఆపలేదు. గాయం కడుగుతున్నంతసేపూ, కట్టు కడుతున్నంతసేపూ, చెయ్యబోయేది వివరిస్తూ, ధైర్యం చెబుతూ నవ్వుతూనే ఉంది. "నవ్వకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత," అంది లక్ష్మమ్మ ఇంకోసారి. ఆ తర్వాత తువ్వాలు మొహం మీద కప్పుకుంది.

"వెరీ గుడ్ కమ్యూనికేషన్," అంది మేడమ్.

బ్యాచ్ మొత్తానికి ఫస్టొచ్చింది స్వప్న.

*

రాజయ్య సంతోషం పట్టలేకపోయాడు. గేటులోకి వచ్చే ప్రతి కారునూ ఆపి మిఠాయి పెట్టాడు. డబ్బా పట్టుకుని మేడెక్కి వచ్చి, రవికిరణ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "సారు, నా బిడ్డ బతుకు నిలబెట్టిండ్రు." బుల్లిబాబు గారు వెంటనే ఫోటోగ్రాఫర్‌ను పిలవమన్నాడు. స్వప్న ఫోటో బోర్డు మీద పెద్దగా వేయించాలట.

వారం గడిచింది. స్వప్న మాత్రం క్లాసు వైపు రాలేదు. రవికిరణే ఆసుపత్రికి వెళ్ళాడు. గులాబీ పువ్వొకటి కొనుక్కుని, జేబులో పెట్టాలా చేత్తో పట్టుకోవాలా అని దారంతా తర్జనభర్జన పడి వెళ్ళాడు. చెప్పాల్సిన మాట ఎన్నిసార్లు ప్రాక్టీసు చేశాడో.

స్వప్న ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. అతన్ని చూడగానే నవ్వింది. క్లాసులో నేర్పిన నవ్వు, కళ్ళతో సహా.

"కంగ్రాట్స్ అండీ. ఇంత బాగా నవ్వుతున్నారు, ఇంక మీకేంటి..."

"ఇది ఆగుతలేదు సార్," అంది నవ్వుతూనే.

జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ నవ్వు మొహం మీద అలాగే ఉంది.

"తెల్లారి పోయిన, కాళ్ళ మీద పడుదామని. మంచం ఖాళీ. దుప్పటి కూడ మార్చిండ్రు. వాళ్ళ సుట్టాలు శవాన్ని, ఆమెను కలిపి ఒకటే వ్యాన్ల తీస్కపోయిండ్రట. ఏ ఊరో ఎవ్వలికీ ఎర్కలేదు."

"మీ తప్పు కాదండీ అది. పరీక్ష కదా, మీరేం చేస్తారు? జరిగినదాన్ని పాజిటివ్‌గా..."

"మొన్న పసిపిల్లగాడొకడు పోయిండు సార్, నా చేతులనే. వాళ్ళమ్మ నన్ను చూసింది. నేను నవ్వుతున్న." ఆమె గొంతు మాత్రమే వణికింది. "ఇదివరకు ఎవ్వల మొఖం చూస్తె నా మొఖం గట్లయ్యేది. గది నాకున్న ఒక్కటే ఆస్తి. వీక్‌నెస్ అన్నరు. పోగొడ్తనన్నరు. పోయింది."

రవికిరణ్ చెయ్యి జేబులోని గులాబీ మీద బిగుసుకుంది.

"ఇగ నేను డ్యూటీ చెయ్య. అమ్మతోని పోత. నేల ఊడ్సెటప్పుడు నవ్వినా ఏడ్సినా నేలకేం గాదు."

గులాబీ పువ్వు జేబులోనే నలిగిపోయింది.

*

మర్నాడు బుల్లిబాబు గారితో గొడవైంది.

"ఆ అమ్మాయి ఫోటో వెయ్యొద్దండీ."

"ఏవయ్యా, అరటిపండు ఒలిచి చేతిలో పెడితే వద్దంటావేంటి? మన సెంటర్‌కి అంతకన్నా పబ్లిసిటీ ఏవుంటుంది?"

"ఇంక నేను క్లాసు చెప్పలేనండీ."

"ఎందుకని?"

"నవ్వు రావట్లేదండీ."

బుల్లిబాబు గారికది జోకనిపించి పగలబడి నవ్వాడు. రవికిరణ్ డస్టర్ బల్ల మీద పెట్టి వచ్చేశాడు. అదే వారంలో సైబర్ టవర్స్‌లో ఆఖరి ఇంటర్వ్యూ. అక్కడా అయిపోయింది. "బాగా మాట్లాడుతున్నారు. కానీ ప్రోగ్రామ్ రాయడం రాదు కదా," అన్నాడు ఎదుట కూర్చున్న కుర్రాడు, తనకన్నా చిన్నవాడు. నిజమే మరి. రవికిరణ్ లేచి, చెయ్యి కలిపి, నవ్వి బయటికొచ్చాడు. గది ఖాళీ చేశాడు. అమలాపురం వెళ్ళి నాన్నకేం చెప్పాలో తెలియదు. ఇక్కడుండి ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు.

సాయంత్రం అమలాపురం బస్సు. ఆలోగా రాజయ్యకొక మాట చెప్పి వెళదామని బ్యాగు భుజానేసుకుని ఆ ఆఫీసు గేటు దగ్గరికెళ్ళాడు. వాన మొదలైంది. బస్సుకు వెళ్తున్నానని చెబుతుండగానే రాజయ్య అతన్ని తాను కాపలా కూర్చునే రేకుల గుమిటిలోకి లాగాడు.

"మీరే జర చెప్పుండ్రి సారు. ఫస్టొచ్చిన పిల్ల నర్సు పనికి పోనంటది. అన్నం తినది. నవ్వుకుంట తిరుగుతది. మల్లమ్మకైతే బుగులైతున్నది, గాలి సోకిందేమో అని."

అంతలో స్వప్న తండ్రికి అన్నం డబ్బా పట్టుకొచ్చింది. ఒంటి మీద నీలం చీర. రవికిరణ్ చూపు దాని మీద పడి మళ్ళీ లేవలేదు. బయట కారు హారన్ కొట్టింది. రాజయ్య గొడుగు తీసుకుని గేటు తీయడానికి పరిగెత్తాడు.

"యాడికి సార్, బ్యాగుతోని?"

"వైజాగ్‌లో ఉద్యోగం వచ్చిందండీ. మంచి కంపెనీ." నవ్వాడు. బ్రహ్మాండంగా నవ్వాడు. బోర్డు ముందు నేర్పే నవ్వు అదే. "అక్కడ సెటిలయ్యాక ఫోన్ చేస్తాను. మీరు కూడా డ్యూటీలో చేరండి. అంతా మంచే జరుగుతుంది. చూస్తూ ఉండండి, మనం..."

స్వప్న అతన్ని చూస్తోంది. ఆమె మొహం మీదా అదే నవ్వు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఆ ఇరుకు గుమిటిలో, ఒకరినొకరు చూసుకుంటూ నవ్వుతున్నారు. చూసినవాళ్ళెవరైనా ఎంత సంతోషంగా ఉన్నారో అనుకుంటారు.

ఆమె చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది.

"నా ముందర నవ్వకుండ్రి," అంది.

అతను ఇంకా నవ్వబోయాడు.

"ఎవ్వల ముందరన్న నవ్వుకోండ్రి. నా ముందర వద్దు."

అంతే. రవికిరణ్ మొహం కూలిపోయింది. బ్యాగు జారి కిందపడింది. "ఏ ఉద్యోగమూ లేదు స్వప్నా. ఎప్పుడూ లేదు. ఊరెళ్ళి ఏం చేస్తానో కూడా తెలీదు. నిన్ను పాడు చేశాను. నువ్వంటే ప్రాణం అని చెబుదామనుకున్నాను, ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంటూ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

స్వప్న ధైర్యం చెప్పలేదు. మణికట్టు వదలకుండా అతన్నే చూస్తూ ఉంది. అలా చూస్తూ ఉండగా ఆమె పెదవుల కొసలు దిగిపోయాయి. గడ్డం వణికింది. అతని మొహం ఎలా ఉందో ఆమె మొహమూ అలాగే అయిపోయింది. చెంప మీద తడి తగిలి, వానజల్లేమో అనుకుని రెండో చేత్తో తుడుచుకుంది. వెచ్చగా ఉంది. వేళ్ళ వంక నమ్మలేనట్టు చూసుకుంది.

అప్పుడు ఏడ్చింది. లక్ష్మమ్మ మంచం దగ్గర ఏడవాల్సిందంతా, పసివాడి తల్లి ముందు ఏడవాల్సిందంతా కలిపి ఏడ్చింది.

చాలాసేపటికి అతను అడిగాడు. "పల్స్ చూస్తున్నావా?"

"లేదు. ఊరికెనే పట్టుకున్న."

"ఎందుకు?"

"అన్నీ అడుగుతరేంది సార్. ఇష్టముండి పట్టుకున్న."

గేటు దగ్గర గొడుగు కింద నిలబడిన రాజయ్య అప్పటికే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కూతురు ఏడవడం చూశాడు. ఆమె పట్టుకున్న చేతినీ చూశాడు. ఇన్ని రోజుల తర్వాత తన బిడ్డ మొహం తన బిడ్డ మొహంలా కనపడింది. కాసేపు గేటు తీయాల్సిన కార్లేవీ లేకపోయినా అక్కడే తడుస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి, లోపలికి రాకుండా, రేకు అంచు దగ్గర ఆగి దగ్గాడు.

"సారు, మీ బస్సు పోయి ఉంటది."

రవికిరణ్ కళ్ళు తుడుచుకుని గడియారం చూడబోయాడు. బస్సుకింకా చాలా టైముంది.

"పోయి ఉంటది," అన్నాడు రాజయ్య మళ్ళీ, ఈసారి కొంచెం గట్టిగా. "డబ్బల అన్నం శానా ఉన్నది. ఇద్దరు కూసోని తినుండ్రి. బిడ్డా, రేపు పొద్దుగాల నీకు డ్యూటీ ఉన్నదా?"

స్వప్న కొంగుతో మొహం తుడుచుకుంది. ఎంత తుడిచినా కళ్ళు నిండుతూనే ఉన్నాయి, వాటిని ఆపాలని కూడా చూడలేదు.

"ఉన్నది నాయినా," అంది. "పోత."